ముఫ్త్ కాదు, ఆజాద్

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అనే లఫ్జ్ ఒక్కటే ఉంది. మన ఇళ్లలో మాట్లాడే జుబాన్‌లో రెండున్నాయి. పైసా ఇవ్వకుండా దొరికేది ముఫ్త్. ఎవరి గులామీలోనూ లేనిది ఆజాద్. మన పిల్లల్లో ఎవర్ని అడిగినా ఈ రెంటికీ ఫరక్ చెప్తారు. కానీ కంప్యూటర్ ముందు కూర్చోగానే పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్లు కూడా రెంటినీ కలిపేస్తున్నారు. ఎవరో నిద్ర మానుకుని నిలబెట్టిన ఆజాద్ సాఫ్ట్‌వేర్‌ని చూసి “అరే భాయ్, ముఫ్త్‌మే మిల్‌తా హై” అంటున్నారు. అంతటితో ఆగినా బాగుండేది. దాని మీద దుకాణాలు పెట్టి, కంపెనీలు పెట్టి, ఒకరోజు అది పనిచేయకపోతే నిలబెట్టిన మనిషి గిరేబాన్ పట్టుకుంటున్నారు.

ఈ ముఫ్త్‌ఖోరీ మీదే నా లడాయి. దీన్ని గాల్లో మాట్లాడకుండా ఒక్క మిసాల్ తీసుకుని మాట్లాడతాను.

ఆ మిసాల్ ఒక లైబ్రరీ. కుతుబ్‌ఖానా కాదు. ప్రోగ్రాములు రాసేవాళ్లు లైబ్రరీ అంటే అర్థం వేరు: ఒకరు రాసిపెట్టిన కోడ్‌ని వేలమంది తమ తమ ప్రోగ్రాముల్లో కలుపుకుని వాడుకుంటారు. ఇంటింటికీ తిరగలి అక్కర్లేకుండా గల్లీకో గిర్నీ ఉన్నట్టు. అలాంటి గిర్నీల్లో ఒకదాని పేరు లిబ్‌యూఎస్‌బీ. కంప్యూటర్‌కి వైరుతో తగిలించే డివైసులతో మాట్లాడటం దాని పని.

ఆ పని ఎందుకు కష్టమో తెలియాలంటే వైరుకి రెండు వైపులా చూడాలి.

ఒకవైపు డివైసు. 1996లో యూఎస్‌బీ మొదటి ప్రమాణం వచ్చింది. అంతకుముందు ప్రింటర్‌కి ఒక రకం సాకెట్, మౌస్‌కి ఒక రకం, మోడెమ్‌కి ఇంకో రకం. యూఎస్‌బీ వచ్చి సాకెట్‌ని ఒక్కటి చేసింది. లేకిన్ జుబాన్‌ని ఒక్కటి చేయలేదు. తగిలించగానే ప్రతి డివైసూ సలామ్ చెప్పి తన పరిచయం ఇస్తుంది: నన్ను చేసినవాడి నంబర్ ఇది, నా మోడల్ నంబర్ ఇది, నాతో మాట్లాడటానికి ఇన్ని దర్వాజాలున్నాయి. మాట్లాడే తరీకాలు నాలుగు. హుకుం ఇవ్వడానికి కంట్రోల్, పెద్ద మూటలు మోయడానికి బల్క్, కీబోర్డు మీట నొక్కినట్టు చిన్న ఖబర్ చెప్పడానికి ఇంటరప్ట్, ఆగకుండా పారాల్సిన ఆవాజ్‌కీ వీడియోకీ ఐసోక్రోనస్. ఈ నాలుగు తరీకాల్లో ఏం మాట్లాడాలో మాత్రం చాలా డివైసుల్లో ఆ కంపెనీ ఇష్టం. చాలాసార్లు ఆ కంపెనీ దాన్ని బయటికి చెప్పదు.

రెండోవైపు కంప్యూటర్. అక్కడ విండోస్ కాయిదా వేరు, మ్యాక్ కాయిదా వేరు, లైనక్స్ కాయిదా వేరు. లైనక్స్‌లో మామూలు ఖాతాతో డివైసుని తెరవాలంటే ముందు ఇజాజత్ రూల్ ఒకటి రాసిపెట్టాలి. మ్యాక్‌లో సిస్టమ్ సొంత డ్రైవర్ ఆ డివైసుని ముందే పట్టుకుని కూర్చుంటే దాన్ని వదిలించడం ఒక తంటా. విండోస్‌లో ఆ డివైసుకి తగిన డ్రైవర్ లేకపోతే లైబ్రరీ దాన్ని ముట్టుకోలేదు. అందుకని జాడిగ్ అనే పనిముట్టుతో డ్రైవర్ మార్చుకోమంటారు. ఎవరో తొందరలో లిస్టులో తప్పు లైను ఎంచుకుని తన కీబోర్డు డ్రైవర్‌నే మార్చేసుకుంటారు. కీబోర్డు ఆగిపోతుంది. తిట్లు ఎవరికి? లైబ్రరీ రాసినవాడికి.

ఈ రెండువైపుల మధ్య నిలబడి తర్జుమాన్ పని చేసేది ఈ లైబ్రరీ. ప్రోగ్రాం రాసేవాడు ఒక్క జుబాన్‌లో చెప్తే చాలు. విండోస్‌లోనూ, మ్యాక్‌లోనూ, లైనక్స్‌లోనూ, ఆండ్రాయిడ్‌లోనూ, ఇంకా మనం పేరు కూడా వినని సిస్టమ్‌లలోనూ ఆ మాటని అక్కడి కాయిదాలోకి తిప్పి డివైసుకి చేరవేస్తుంది.

ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, న్యూస్‌రూంలో ఉర్దూ ప్రెస్‌నోట్లని తెలుగులోకి తిప్పుతూ బతికినవాణ్ని. తర్జుమాన్ హాల్ నాకు తెలుసు. బాగా చేసిన రోజు మనం ఎవరికీ కనబడం, బైలైన్ వేరేవాళ్లది. ఒక్క లఫ్జ్ అటూ ఇటూ అయిందనుకున్న రోజు ఊరంతటికీ మనమే కనబడతాం. లైబ్రరీని కాపాడే మనిషి బతుకు అచ్చం ఇదే. వాళ్లని ఇంగ్లీషులో మెయింటెయినర్ అంటారు. నేను నిగెహ్‌బాన్ అంటాను.

“మాకేం సంబంధం ఈ గోలతో?” అంటారేమో. చెప్తాను. లైనక్స్ మీద నడిచే కంప్యూటర్‌లో యూఎస్‌బీ ప్రింటర్‌కి పేజీ వెళ్తుందంటే మధ్యలో ఈ లైబ్రరీ ఉంది. పాత స్కానర్ కదిలిందంటే, చాలా మోడళ్లలో, మధ్యలో ఇది ఉంది. స్మార్ట్‌కార్డు రీడర్లని నడిపే డ్రైవర్ దీని మీదే నిలబడింది. కెమెరాలోంచి ఫోటోలు దింపే ప్రోగ్రాం, కరెంటు పోయినప్పుడు యూపీఎస్ బ్యాటరీ ఎంత మిగిలిందో చెప్పే ప్రోగ్రాం, ఇంజనీరింగ్ పిల్లలు చిన్న చిప్పుల్లోకి కోడ్ ఎక్కించే పనిముట్లు, సస్తా టీవీ డాంగిల్‌ని రేడియోగా మార్చి విమానాల సిగ్నళ్లు పట్టే షౌకీన్ల సాఫ్ట్‌వేర్, వీటన్నిటి కింద ఇదే పునాది.

ఇందులో గరీబుల మాట కూడా ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. కొత్త విండోస్‌ని మోయలేని పాత కంప్యూటర్లు మన గల్లీల జిరాక్స్ దుకాణాల్లో, చిన్న స్కూళ్లలో, మదర్సాల్లో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. వాటిని కబాడీవాడికి వేయకుండా ఇంకొన్నేళ్లు నడిపే రాస్తా లైనక్స్. అక్కడ కంపెనీ వదిలేసిన స్కానర్ కూడా లేచి నడుస్తుంది. కంపెనీ వదిలేశాక దాన్ని ఎవరు నడుపుతున్నారు? మనకి పేరు కూడా తెలియని ఇద్దరో ముగ్గురో నిగెహ్‌బాన్లు.

ఇప్పుడు దీని తారీఖ్ వినండి. లిబ్‌యూఎస్‌బీ 2000 ప్రాంతంలో మొదలైంది. 2008 చివర్లో 1.0 వచ్చింది. వాడుకోవడానికి ఎవరికైనా ఇజాజత్ ఉన్న లైసెన్స్. కంపెనీలు కూడా తమ అమ్ముకునే సాఫ్ట్‌వేర్లో వాడుకోవచ్చు, లైబ్రరీలో చేసిన మార్పులని మాత్రం దాచుకుని పంచకూడదు. ఆ తర్వాత 2010 నుంచి 2012 దాకా దాదాపు రెండేళ్లు కొత్త విడుదల లేదు. పంపిన మరమ్మతులు లోపలికి వెళ్లక కుప్పలు పడ్డాయి. విసిగిపోయిన కొందరు 2012లో అదే కోడ్ తీసుకుని వేరు కుంపటి పెట్టారు, పేరు చివర ఒక ఎక్స్ తగిలించి. 2014లో రెండు కుంపట్లూ మళ్లీ ఒక్కటయ్యాయి. కీబోర్డు, మౌస్ జాతి డివైసులతో మాట్లాడే హెచ్‌ఐడీ ఏపీఐ అనే దాని చెల్లెలు లైబ్రరీ కూడా ఇలాగే నిలిచిపోతే, 2019లో దాన్ని లిబ్‌యూఎస్‌బీ నీడలోకి తెచ్చుకున్నారు.

ఇందులో ఎవరూ విలన్ లేరు. ప్రపంచమంతా వాడే చీజ్ దుష్మన్ల వల్ల ఆగిపోలేదు. రోజుకి ఇరవైనాలుగు గంటలే ఉండటం వల్ల ఆగింది. మనిషికి నౌకరీ ఉంటుంది, పిల్లలుంటారు, జ్వరం వస్తుంది. ప్రపంచం మాత్రం అప్‌డేట్ అడుగుతూనే ఉంటుంది.

ఒకసారి రాసి పెట్టాక ఇంక పనేముంటుంది అని అడిగేవాళ్లు చాలామంది. పని అప్పుడే మొదలవుతుంది. ప్రతి ఏడాదీ ఆపిల్ కొత్త మ్యాక్ సిస్టమ్ తెస్తుంది. 2020లో ఏకంగా ప్రాసెసర్ జాతినే మార్చేసింది. విండోస్ మారుతుంది, లైనక్స్ కెర్నెల్ మారుతుంది. మారిన ప్రతిసారీ నిన్న నడిచినది ఇవాళ నడుస్తోందా అని చూడాలి. చూడాలంటే ఆ మిషన్ ఉండాలి. ఎవరు కొనిస్తారు? ఎక్కడో ఎవరో రాస్తారు: “నా డివైసు పని చేయట్లేదు.” ఏ డివైసు, ఏ సిస్టమ్, ఏ వెర్షన్ ఏమీ ఉండదు. ఆ డివైసు నిగెహ్‌బాన్ జిందగీలో చూసి ఉండడు. డాక్టర్‌కి మరీజ్‌ని చూపించకుండా “కడుపునొప్పి, దవా రాయండి” అన్నట్టు. తీగ పీకితే, మళ్లీ గుచ్చితే ప్రోగ్రాంకి వెంటనే ఖబర్ అందే సదుపాయం లైనక్స్‌లో, మ్యాక్‌లో ఎప్పుడో వచ్చింది, విండోస్‌లో మాత్రం ఏళ్ల తరబడి రాలేదు. అడిగినవాళ్లు బేషుమార్. కూర్చుని రాసి, పరీక్షించి, దాని బోఝ్ మోసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

దీనికంటే కనబడని మెహనత్ ఇంకోటి ఉంది. పాత మాట తప్పకపోవడం. 2008లో 1.0ని నమ్మి ప్రోగ్రాం రాసినవాడికి ఇవాళ కూడా అవే పిలుపులు అవే జవాబులు ఇవ్వాలి. లోపల గోడలన్నీ మార్చినా దర్వాజా ఉన్నచోటే ఉండాలి. కొత్తది కట్టడం సులువు. లోపల జనం కాపురం ఉండగా ఇల్లు మరమ్మతు చేయడం ఎంత కష్టమో ఏ మేస్త్రీని అడిగినా చెప్తాడు.

ఈ మెహనత్‌కి ఎదురుగా నిలబడే వాదనలు మూడు. మూడింటికీ జవాబిస్తాను.

మొదటిది: “వాళ్ల ఖుషీతో చేస్తున్నారు, ఎవరు జబర్దస్తీ చేశారు?” నిజమే, ఎవరూ చేయలేదు. మా మొహల్లాలో ఒక పెద్దాయన రోడ్డు మీద మట్టికుండలో చల్లని నీళ్లు పెట్టేవాడు. ఆయన ఖుషీ. ఆ కుండ పక్కనే సోడాబండి పెట్టుకుని ఆ నీళ్లతోనే షర్బత్ అమ్మేవాడు, ఒకరోజు కుండ ఖాళీగా ఉందని ఆయన ఇంటి తలుపు బాదాడనుకోండి. మీరేమంటారు? ఇచ్చేవాడి ఖుషీ తీసుకునేవాడికి హుకుం కాదు. దప్పికతో తాగినవాణ్ని ఎవరూ ఏమీ అనరు. షర్బత్ అమ్మినవాడు మాత్రం కుండ నింపడంలో హిస్సా తీసుకోవాలి.

రెండోది: “లైసెన్స్ ఒప్పుకుంది కదా.” ఒప్పుకుంది. ఆ లైసెన్స్ పూర్తిగా చదవండి మరి. ఈ సాఫ్ట్‌వేర్‌కి ఏ గ్యారంటీ లేదు అని అదే లైసెన్స్‌లో పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. వాడుకునే హక్ దాకా లైసెన్స్ చూపించి, సోమవారంలోగా రిపేర్ చేయమని అడిగేటప్పుడు ఆ లైసెన్స్‌ని జేబులో పెట్టేసుకుంటే ఎలా? కానూన్ చెప్పేది కనీసం. ఇన్సాఫ్ దానికంటే ఎక్కువ అడుగుతుంది.

మూడోది అన్నిటికంటే ఖతర్నాక్: “ఒకరు పోతే ఇంకొకరు వస్తారు, కోడ్ బయటే ఉంది కదా.” ఎవరు వస్తారో 2024 మార్చిలో చూశాం. ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీ ఉంది, ఫైళ్లని కుదించే పని దానిది. దాన్ని ఏళ్లుగా ఒక్క మనిషి చూసుకుంటున్నాడు. తన మానసిక ఆరోగ్యం బాగా లేదనీ, ఇది జీతం లేని షౌక్ పని అనీ 2022లోనే రాసుకున్నాడు. జవాబుగా వచ్చింది హమ్‌దర్దీ కాదు, ఒత్తిడి. ఎందుకింత ఆలస్యం, వేరేవాళ్లకి అప్పగించు అని. చేదోడుగా వచ్చిన ఒక కొత్త పేరు రెండేళ్లకు పైగా నెమ్మదిగా ఎత్బార్ సంపాదించి, చివరికి అందులో దొంగ దర్వాజా పెట్టేసింది. ప్రపంచంలోని సర్వర్లలోకి చొరబడటానికి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన మిషన్లో లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటని తవ్వి చూశాడు కాబట్టి బయటపడింది. అర సెకను! అంత సన్నని దారానికి వేలాడదీశాం. అలసిపోయిన నిగెహ్‌బాన్‌ని ఒంటరిగా వదిలేస్తే ఆ కుర్చీలోకి ఎవరు వచ్చి కూర్చుంటారో మన చేతుల్లో ఉండదు.

దానికి పదేళ్ల ముందు, 2014 ఏప్రిల్‌లో, హార్ట్‌బ్లీడ్ వచ్చింది. బ్యాంకుల నుంచి మెయిళ్ల దాకా రాజ్ కాపాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీలో గల్తీ. అప్పుడు తెలిసింది, అంత పెద్ద చీజ్‌కి ఏడాదికి వస్తున్న చందా రెండువేల డాలర్ల చిల్లర అని. ఇల్లు కాలాక పెద్ద కంపెనీలన్నీ కలిసి డబ్బు పోగు చేశాయి. నీళ్ల బకెట్ ముందే కొంటే ఎంతయ్యేది?

కంపెనీల సంగతి వచ్చింది కాబట్టి డివైసులు అమ్మేవాళ్ల గురించీ చెప్పుకోవాలి. 2014 అక్టోబర్‌లో, యూఎస్‌బీని సీరియల్‌కి మార్చే చిప్పులు తయారు చేసే ఎఫ్‌టీడీఐ అనే స్కాట్లండ్ కంపెనీ ఒక పని చేసింది. ఆ చిప్పులకి మార్కెట్లో నకిలీలు బోలెడు. విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన ఆ కంపెనీ కొత్త డ్రైవర్, నకిలీ చిప్పు కనబడగానే దాని మోడల్ నంబర్‌ని సున్నా చేసేసింది. డివైసు ఉంది, పరిచయం పోయింది. కొన్నవాడికి అందులో నకిలీ చిప్పు ఉందన్న సంగతే తెలియదు. నకిలీ చేసినవాడు హాయిగా ఉన్నాడు, సజా పడింది గ్రాహక్‌కి. హంగామా అయ్యాక ఆ డ్రైవర్‌ని వెనక్కి తీసుకున్నారు. అదే సమయంలో లైనక్స్ వైపువాళ్లు ఏం చేశారు? ఆ సున్నా నంబర్‌ని కూడా గుర్తుపట్టేలా తమ డ్రైవర్లో చేర్చారు. చచ్చిన డివైసు లేచి కూర్చుంది. ముఫ్త్ అంటే ఏమిటో, ఆజాద్ అంటే ఏమిటో ఇక్కడ చూడండి. కంపెనీ డ్రైవర్ కూడా పైసా ఇవ్వకుండానే దొరికింది. అది ముఫ్త్. కానీ దాని లగామ్ కంపెనీ చేతిలో ఉంది.

అసలు ఈ ఆజాద్ సాఫ్ట్‌వేర్ తహ్రీక్ పుట్టిందే ఒక మిషన్ దగ్గర. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ల్యాబ్‌కి జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటర్ వచ్చింది. కాగితం ఇరుక్కుంటే వాడుకునేవాళ్లకి ఖబర్ వెళ్లేలా పాత ప్రింటర్ ప్రోగ్రాంని రిచర్డ్ స్టాల్‌మన్ మార్చుకుని ఉన్నాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే కోడ్ ఇవ్వలేదు. ఎదురుగా మిషన్ ఉంది, చేతిలో హునర్ ఉంది, లోపలికి వెళ్లే ఇజాజత్ లేదు. ఆ చిరాకు కూడా 1983 నాటి గ్నూ ప్రకటనకి దారి తీసింది. నలభై ఏళ్లు దాటాయి, డివైసు జుబాన్ దాచిపెట్టే కంపెనీలు ఇంకా దాచిపెడుతూనే ఉన్నాయి. దాచినదాన్ని వైరు మీద పారే అంకెలు చూసి ఒక్కొక్కటిగా ఛేదించి, మన పాత స్కానర్‌ని నడిపించేది మళ్లీ ఈ జీతం లేని మనుషులే.

ఇక మన ఇళ్ల సంగతి. ఇక్కడ కొంచెం కడ్వా మాట్లాడతాను, బురా మత్ మానో.

నా భాంజీ ఒకతి ఉంది. పగలు హైదరాబాద్‌లో నౌకరీ. రాత్రిళ్లు ఒక చిన్న లైబ్రరీని చూసుకుంటుంది. దుకాణాల్లో ఉండే తూకం మిషన్లతో, లేబుల్ ప్రింటర్లతో కంప్యూటర్ మాట్లాడటానికి పనికొచ్చేది. మూడు సిస్టమ్‌ల మీదా నడవాలి. మొదట రాసింది ఆమె కాదు, రాసినవాళ్లు వదిలేస్తే ఎత్తుకుంది. ఒకరోజు నాకు ఒక మెయిల్ చూపించింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముకునే ఒక కంపెనీ నుంచి. దుకాణానికి ఇంత అని వసూలు చేసే కంపెనీ. విండోస్ అప్‌డేట్ తర్వాత తూకం రీడింగ్ రావట్లేదు, మా కస్టమర్లు పరేషాన్, సోమవారం లోపల సరిచేయండి, ఆలస్యానికి మీదే జిమ్మేదారీ. సలామ్ లేదు, షుక్రియా లేదు. ఆమెకి ఆ కంపెనీ ఒక్క రూపాయి ఇవ్వలేదు, ఒక్క తూకం మిషన్ పరీక్షకి పంపలేదు. “మామూ, వీళ్లకి నేను నౌకర్నా?” అని అడిగింది. కాదు బేటా, నౌకర్‌కి తనఖా ఉంటుంది అన్నాను.

అది కంపెనీ. దాని సిగ్గు దానికుండాలి. మగర్ ఇంట్లోవాళ్లు ఏమన్నారు? “రాత్రి పన్నెండింటిదాకా ఆ లాప్‌టాప్‌లో ఏముంది? పైసా వచ్చే పనా అది?” రిష్తా చూడటానికి వచ్చినవాళ్లకి ఆమె నౌకరీ గురించి, ప్యాకేజీ గురించి చెప్పారు. దేశాల అవతలి దుకాణాల్లో కూడా ఆమె కోడ్ తూకం చెప్తోందన్న మాట ఒక్కరి నోటి నుంచి రాలేదు. దాచాల్సిన ఐబ్‌లాగా ఊరుకున్నారు.

మన ఖౌమ్‌కి రిపేర్ పని కొత్తదా? స్కూటర్ ఇంజన్ విప్పి కూర్చేవాళ్లం మనం. ఫ్యాన్ మోటార్ చుట్టేవాళ్లం, గడియారాలు బాగుచేసేవాళ్లం మనం. హైదరాబాద్ ఆబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్‌కి వెళ్లి చూడండి. కంపెనీ సర్వీస్ సెంటర్ “ఇది బాగవదు, కొత్తది కొనండి” అన్న ఫోన్ని బల్బు కింద పెట్టి లేపుతారు. పాడైనదాన్ని పారేయకుండా నిలబెట్టడం మన గల్లీల హునర్. ఆ హునర్‌కి మనమే ఇజ్జత్ ఇవ్వలేదు. కొడుకుని మెకానిక్ కానివ్వకూడదనే ఇంజనీరింగ్ చదివించాం. చదివాక వాడు కోడ్‌లో మెకానిక్ అయితే మళ్లీ మొహం చిట్లిస్తున్నాం. కొత్త యాప్ చేశానంటే మిఠాయి పంచుతాం. పదిహేనేళ్ల నాటి కోడ్‌ని కూలకుండా కాపాడుతున్నానంటే “ఉసమే క్యా హై?” అంటాం.

అందులోనే అంతా ఉంది. కొత్త యాప్‌లు నూరు వస్తాయి, తొంభై పోతాయి. వాటన్నిటి కిందా ఉన్న గోడలో ఒక ఇటుక జారితే నూరూ పోతాయి.

ఏం చేయాలి మరి? వాదించి వదిలేయడం జర్నలిస్టుల బురీ ఆదత్ అంటారు. కాబట్టి తలా ఒక పని చెప్తాను.

సాఫ్ట్‌వేర్ అమ్ముకునే మన కుర్రాళ్లకి, చిన్న కంపెనీలు నడిపేవాళ్లకి: మీరు అమ్మేదాని కింద ఏ ఏ లైబ్రరీలున్నాయో ఒక ఫెహరిస్త్ రాయండి. దుకాణం కిరాయి, కరెంటు బిల్లు రాసే వహీలో వాటికి కూడా నెలకి ఒక లైను పెట్టండి, చిన్నదైనా సరే. డబ్బు కుదరకపోతే మీ ఇంజనీరు నెలలో ఒకరోజు అక్కడ పని చేయనివ్వండి. తూకం మిషనో ప్రింటరో ఒకటి పరీక్షకి పంపండి. ఇది ఖైరాత్ ఖాతాలో కాదు, ఖర్చు ఖాతాలో రాయాలి.

డివైసులు తయారు చేసేవాళ్లకి, తెప్పించి అమ్మేవాళ్లకి: మీ మిషన్ జుబాన్‌ని కాగితం మీద పెట్టి బయటికి ఇవ్వండి. మీరు రేపు ఆ మోడల్ వదిలేసినా గ్రాహక్ మునిగిపోడు.

సర్కార్లకి: 2015లో భారత ప్రభుత్వం తన ఆఫీసుల్లో ఓపెన్ సోర్స్‌కి పెద్దపీట వేస్తామని పాలసీ రాసింది. మంచిదే. వాడతామని రాసినవాళ్లు కాపాడతామని కూడా రాయాలి. జర్మనీ 2022లో ఇందుకోసమే సర్కారీ నిధి పెట్టింది, కొత్తవి కట్టడానికి కాదు, ఉన్నవాటిని కాపాడటానికి. మన దేశంలో జెరోధా 2024లో ఏడాదికి పది లక్షల డాలర్లు ఇలాంటి ప్రాజెక్టులకి ఇస్తామని నిధి మొదలుపెట్టింది. ఒక ప్రైవేటు కంపెనీకి తోచింది ఇంత పెద్ద హుకూమత్‌కి తోచదా?

కాలేజీలకి: ఫైనలియర్‌లో ప్రతి పిల్లాడూ కొత్త ప్రాజెక్టే చేయాలని ఎవరు చెప్పారు? ఇచ్చిన రోజే అటకెక్కే ప్రాజెక్టులు చాలు. ఉన్న లైబ్రరీలో ఒక గల్తీ దిద్దించండి, దానికి మార్కులు వేయండి. స్వేచ్ఛలాంటి సంస్థలు తెలుగునాట ఇరవై ఏళ్లుగా ఆజాద్ సాఫ్ట్‌వేర్ మాట చెప్తున్నాయి, వాళ్ల దగ్గరికి పంపండి.

వాడుకునే మనందరికి: పని చేయకపోతే అడగండి, తప్పు లేదు. అడిగే తరీకా ఒకటుంది. సలామ్, తర్వాత ఏ సిస్టమ్, ఏ వెర్షన్, డివైసు రెండు నంబర్లు, ఏం చేస్తే ఏం జరిగింది, పాతదాంట్లో నడిచిందా లేదా. పది లైన్ల ఈ ఖత్ నిగెహ్‌బాన్‌కి ఒక రాత్రి మిగులుస్తుంది. కోడ్ రాని వాళ్లు తెలుగులో, ఉర్దూలో వాడే తరీకా రాసిపెట్టండి. అదీ ఖిద్మతే. పని అయ్యాక షుక్రియా అని ఒక్క లైను. ఫిర్యాదు రాయడానికి దొరికిన టైం షుక్రియాకి కూడా దొరుకుతుంది.

అమ్మీలకి, అబ్బాలకి: మీ ఇంట్లో అలాంటి పిల్లో పిల్లాడో ఉంటే “పైసా వస్తుందా?” అనే సవాల్ ముందు వాళ్లని కాదు, వాళ్ల మెహనత్ మీద సంపాదించుకుంటున్నవాళ్లని అడగండి. రిష్తా వాళ్ల ముందు ఆ పని పేరు గొంతెత్తి చెప్పండి. అలసిపోయి నెలరోజులు ఆపేస్తానంటే ఆపనివ్వండి. అది కామ్‌చోరీ కాదు. ఎక్స్‌జెడ్ నిగెహ్‌బాన్‌కి ఆ ఒక్క మాట చెప్పేవాళ్లు ఎక్కువమంది ఉండి ఉంటే కథ వేరేగా ఉండేదేమో.

ఆజాద్ అంటే యజమాని లేనిది అని అర్థం కాదు. అందరిదీ అని అర్థం. అందరిదీ అయిన చీజ్‌కి కాపలా ఖర్చు కూడా అందరిదే. ఇన్నాళ్లూ ఆ ఖర్చు కొందరి నిద్రలోంచి, కొందరి సెహత్‌లోంచి కట్ అవుతూ వచ్చింది. వాళ్లు బిల్లు పంపలేదు కాబట్టి బాకీ లేదనుకోకండి. బాకీ ఉంది. చెల్లించడం మొదలుపెట్టండి.